యోగిని వెంగమాంబ

శ్వాసను క్రమపరచి మనస్సును నిలుపుకొనే విద్య ప్రాణాయామం. ఆ విద్యను గురుముఖతః అభ్యసించి, యోగశాస్త్ర సారాన్ని తెలుగులో గ్రంథస్థం చేసిన కవయిత్రి తరిగొండ వెంగమాంబ.

వెంగమాంబ 1730వ సంవత్సరంలో పూర్వపు చిత్తూరు జిల్లాలోని తరిగొండ గ్రామంలో జన్మించింది. మంగమాంబ, కృష్ణయామాత్యుడు ఆమె తల్లిదండ్రులు. బాల్యంలోనే వివాహం జరిగింది. చిరుప్రాయంలోనే భర్త మరణించాడు. భర్తను కోల్పోయిన స్త్రీ శిరోజాలను, మంగళచిహ్నాలను త్యజించి ఇంటి మూలన కాలం వెళ్లదీయాలని నాటి ఆచారం శాసించింది. శ్రీవేంకటేశ్వరుడే తన పతి అని విశ్వసించిన వెంగమాంబ ఆ శాసనాన్ని అంగీకరించలేదు. లోకనిందను సహించిందే గాని, తన నిశ్చయాన్ని విడువలేదు.

మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు యోగవిద్యను ఉపదేశించాడు. యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి అనేవి అష్టాంగాలు. వీటిలో నాలుగవదైన ప్రాణాయామంలో గాలిని లోనికి తీసికొనడం పూరకం, నిలపడం కుంభకం, విడవడం రేచకం. ఊపిరిని నిదానంగా విడిచినప్పుడు గుండె వేగం తగ్గుతుందని నేటి శరీరశాస్త్రం తెలుపుతున్నది. దేహానికి కలిగే ఈ నెమ్మది యోగసాధకునికి తొలిమెట్టు. చంచలమైన చిత్తాన్ని ధ్యానానికి యోగ్యంగా మలచడం దాని పరమార్థం.

గోదావరీతీరంలో శేషప్పకవి ధర్మపురి నరసింహుని శతకంతో కొలిచినట్లే, వెంగమాంబ తన గ్రామదైవమైన నృసింహునిపై శతకం రచించింది. అనంతరం తిరుమల చేరి స్వామిసేవలో నిమగ్నమైంది. అక్కడి తుంబురుకోన ఏకాంతంలో చాలాకాలం యోగసాధన చేసింది. ఆ అనుభవం ఆమె రచనలకు ప్రాణం పోసింది. రాజయోగామృతసారం, అష్టాంగయోగసారం అనే గ్రంథాలలో యోగమార్గాన్ని వివరించింది. వాసిష్ఠ రామాయణాన్ని పాడుకొనడానికి అనువైన ద్విపదలో కూర్చింది. సంస్కృత విద్యకు దూరంగా ఉంచబడిన స్త్రీలకు, సామాన్యులకు ఈ రచనల వలన తత్త్వజ్ఞానం తల్లిభాషలోనే లభించింది.

వెంగమాంబ 1817లో తిరుమలలో పరమపదించింది. ఏకాంతసేవ వేళ స్వామికి ఆమె పేరిట ముత్యాలహారతి సమర్పించే సంప్రదాయం నేటికీ కొనసాగుతున్నది. తిరుమలలో 2011లో ప్రారంభమైన నిత్యాన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఇంటి మూలకు పరిమితం కావలసిందని లోకం నిర్ణయించిన బాలిక పేరిట నేడు ప్రతిదినం వేలాది మంది అన్నప్రసాదం స్వీకరిస్తున్నారు.