వుడీ గత్రీ: కొలంబియా నదీ గీతములు

వుడీ గత్రీ 1912 జూలై 14న అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున జన్మించెను. తల్లి వంశానుగతమగు హంటింగ్టన్ వ్యాధిపాలై 1930లో మరణించెను. 1935 ఏప్రిల్‌లో టెక్సాసులోని పాంపా పట్టణమును క్రమ్మిన ధూళితుపానును ఆతడు కన్నులార చూచెను. పొలములు ఇసుకపాలై వేలకొలది రైతుకుటుంబములు పడమటికి వలసపోయెను. 1937లో ఆతడును ఆ త్రోవనే కాలిఫోర్నియా చేరి, రేడియోలో పాడుచు పొట్ట పోసికొనెను.

1941లో, కొలంబియా నది ఆనకట్టల విద్యుత్తును పంచు ప్రభుత్వసంస్థ, తన డాక్యుమెంటరీ చిత్రమునకు పాటలు వ్రాయుటకై ఆతనిని నెలరోజులు కొలువున నుంచుకొనెను. జీతము 266 డాలర్ల 66 సెంట్లు. నదీతీరము వెంబడి కారులో తిరుగుచు ఆతడు 26 పాటలు కట్టెను. వరుసలు పెక్కు పాతవే: ‘రోల్ ఆన్ కొలంబియా’ నడక ‘గుడ్‌నైట్ ఐరీన్’ది. జానపదకవి కిది లోపము కాదు. తెలిసిన వరుస క్రొత్తమాటను త్వరగా జనుల నోటికెక్కించును.

కూలికి వ్రాసినవని వీనిని త్రోసివేయుట తగదు. ఎండి ఎగిరిపోయిన పొలములను చూచినవానికి ఆనకట్ట నీరు నిజమైన ఆశయే. అయినను, గ్రాండ్ కూలీ ఆనకట్టచే సాల్మన్ చేపల దారి మూతవడి, కెటిల్ జలపాతము మునిగి, ఆదివాసుల తరతరముల జీవనము చెడుట వీనిలో ప్రసిద్ధములైన పాటలయందు వినరాదు.

యుద్ధమువలన చిత్రము 1949 వరకు వెలువడలేదు. అందును కొన్ని పాటలే చేరెను. చిత్రము మరుగుపడెను, పాట నిలిచెను. 1987లో వాషింగ్టన్ రాష్ట్రము ‘రోల్ ఆన్ కొలంబియా’ను తన జానపదగీతముగా స్వీకరించెను. అప్పటికి ఆతడు లేడు. తల్లి వ్యాధియే తనకును సంక్రమింపగా ఏండ్లకొలది ఆసుపత్రులలో గడపి 1967 అక్టోబరు 3న న్యూయార్కులో మరణించెను.