అతిథియందు నారసింహుని గాంచిన డొక్కా సీతమ్మ

తిథి నియమము లేక వచ్చువాడు అతిథి. అట్టివానిని దైవముగా భావింపవలెనని తైత్తిరీయోపనిషత్తు శాసించుచున్నది. ఆ శాసనమును గరిటె చేతబట్టి ఆచరించి చూపిన పుణ్యాంగన డొక్కా సీతమ్మగారు.

ఆమె 1841లో మండపేటలో అనుప్పిండి భవానీశంకరముగారికి, నరసమ్మగారికి జన్మించెను. అడిగినవారికెల్ల అన్నమిడుటచే తండ్రిగారిని జనులు బువ్వన్నగారని పిలిచెడివారు. లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారు ఒకనాడు మధ్యాహ్నవేళ ఆ యింట అతిథియై, అచటి ఆదరమునకు సంతసించి, ఆ కన్యను పరిణయమాడిరని పెద్దలు చెప్పుదురు.

గన్నవరము వైనతేయ గోదావరి చెంతనున్న గ్రామము. రేవులు దాటి కాలినడకన వచ్చు బాటసారులు వేళగాని వేళ అలసి ఆ యింటికి చేరెడివారు. సీతమ్మగారు వారి కులమడుగలేదు, ఊరడుగలేదు. అర్ధరాత్రమైనను పొయ్యి రాజేసి వండి వడ్డించెడివారు. దానముచే కలిమి తరిగినను వ్రతము విడువలేదు.

అంతర్వేది లక్ష్మీనృసింహస్వామిని దర్శింపవలెనని ఆమెకు చిరకాల వాంఛ. అతిథులు వత్తురేమోయని ఇల్లు కదలనే లేదు. ఎట్టకేలకు ఒకపరి పల్లకిలో పయనమయ్యెను. బోయీలు దారిలో విశ్రమించుచుండగా, అటువచ్చిన ప్రయాణికులు ఆకలికి ఏడ్చు పసివారిని సీతమ్మగారి యిల్లు దగ్గరనే యున్నదని ఊరడించుట ఆమె చెవినబడెను. తాను లేని యింటికి ఆ పసివారు చేరినచో వారి గతి యేమి? వెంటనే పల్లకి మరలింపజేసి, వారికంటె ముందుగా ఇల్లుచేరి అన్నము సిద్ధపరచెనని ప్రతీతి.

ఆమె స్వామిదర్శనమును కోల్పోయెనా? శ్రీహరి ఎల్లయెడలనున్నాడని ప్రహ్లాదుడు నమ్మెను. స్వామి కంబమున వెలువడి ఆ నమ్మికను నిలిపెను. కంబమందున్న స్వామి ఆకలిగొన్న శిశువునందు లేకుండునా? క్షేత్రమునకు పోవలసిన పాదములను ఆయనయే ఇంటికి మరలించుకొనెననుట యుక్తము.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఆహ్వానము రాగా, అన్నార్తులను విడిచి రాజాలనని ఆమె నిరాకరింపగా, చిత్రపటమునే ఆసనముపై నుంచి గౌరవించిరని చెప్పుకొందురు. 1909లో ఆమె పరమపదించెను. వైనతేయపై నిర్మించిన నూతన అక్విడెక్టు ఆమె పేరనే వెలసినది.

యాత్రకు బయలుదేరు వేళ గుమ్మమున అపరిచితుడు నిలిచినచో, విఘ్నము కలిగెనని తలపక, స్వామియే ఎదురువచ్చెనని తలచుట గృహస్థునకు శ్రేయము.