గండ్లు దాచని మనిషి: డెన్నిస్ రిచీ

బ్రాంచి ఏదైనా సరే, ఇంజనీరింగ్‌లో చేరాక సి లాంగ్వేజ్ తప్పదు. ల్యాబ్ రికార్డు నిండా ప్రోగ్రాములు రాస్తాం గానీ, ఆ భాషని తయారు చేసిన మనిషి గురించి ఒక్క పేజీ కూడా చదవం. ఆయన పేరు డెన్నిస్ రిచీ. మన ఫోన్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎందుకు ఆగకుండా వస్తూనే ఉంటాయో అర్థం కావాలంటే ఆయన జీవితం తెలుసుకోవాలి.

రిచీ 1941 సెప్టెంబర్ 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. తండ్రి అలిస్టెయిర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సైంటిస్టు. డెన్నిస్ హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివారు, తర్వాత అక్కడే అప్లైడ్ మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ థీసిస్ కూడా రాశారు. కానీ బైండింగ్ చేయించిన కాపీ ఇవ్వనే లేదు, దాంతో డాక్టరేట్ రాలేదు. రికార్డు సబ్మిట్ చెయ్యడానికి బద్ధకించే వాళ్లకి ఇది కొంచెం ఊరట!

1967లో ఆయన కూడా బెల్ ల్యాబ్స్‌లో చేరారు. అప్పుడు అక్కడ మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ పని నడుస్తోంది. అది ఎంతకీ తెమలకపోవడంతో 1969లో బెల్ ల్యాబ్స్ అందులోంచి తప్పుకుంది. కెన్ థాంప్సన్ మాత్రం ఊరుకోలేదు. ఒక పాత పీడీపీ-7 మెషీన్ మీద చిన్న సిస్టమ్ మొదలుపెట్టారు, రిచీ ఆయనతో కలిశారు. అదే యూనిక్స్.

ఆ రోజుల్లో కెర్నల్ అంటే ఎక్కువగా అసెంబ్లీలోనే రాసేవారు. మెషీన్ మారితే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సిందే. థాంప్సన్ చేసిన బి భాషని పెంచి రిచీ సి తయారు చేశారు. 1973లో యూనిక్స్ కెర్నల్‌ని అందులో తిరగరాశారు. హార్డ్‌వేర్‌ని నేరుగా ముట్టుకోవాలి, స్పీడు తగ్గకూడదు. అందుకని సి ప్రోగ్రామర్‌ని పూర్తిగా నమ్ముతుంది. పది గదుల అర్రేలో పదకొండోది రాసినా అడ్డుపడదు. ఆ నమ్మకం వల్లే భాష ప్రపంచమంతా పాకింది. గండ్లు పడిందీ ఆ నమ్మకం దగ్గరే.

ఆయన ఇంకో ఆలోచన సెట్‌యూఐడీ. యూనిక్స్‌లో పాస్‌వర్డ్ ఫైలుని మామూలు యూజర్ రాయకూడదు. కానీ తన పాస్‌వర్డ్ తను మార్చుకోగలగాలి. ఎలా? అరసవల్లి గుడిలో మనం గర్భగుడిలోకి వెళ్లం, పూజారి మన పేరున అర్చన చేసి వస్తారు. ఇదీ అంతే. ప్రోగ్రాం నడిపేది మనమైనా, దానికి ఉండేది ఫైలు ఓనర్ అధికారం. దీనికి 1979లో పేటెంట్ వచ్చింది, తర్వాత దాన్ని ప్రజలకే వదిలేశారు. మరి ఆ ప్రోగ్రాంనే ఎవడైనా మాయ చేస్తే? వాడి చేతికి రూట్ అధికారం వచ్చేస్తుంది.

ఈ సంగతి రిచీకి తెలియక కాదు. 1970ల్లోనే యూనిక్స్ భద్రత మీద ఆయన ఒక చిన్న పేపర్ రాశారు. ఈ సిస్టమ్‌ని భద్రత కోసమని కట్టలేదని, కాబట్టి గండ్లు చాలానే ఉంటాయని అందులో మొదట్లోనే ఒప్పుకున్నారు. ఏ యూజరైనా డిస్క్ అంతా నింపేసి సిస్టమ్‌ని ఎలా కూలదోయొచ్చో కూడా వివరించారు. తన సొంత సిస్టమ్ గురించే! మన ఊళ్లలో చెరువు గట్టు కారుతుంటే చూసినవాడు కేకేస్తేనే పదిమందీ మట్టి తట్టలు పట్టుకుని వస్తారు. ఆయన చేసింది ఆ కేక వెయ్యడమే.

1978లో కెర్నిగాన్‌తో కలిసి రాసిన సి పుస్తకం వచ్చింది. 1983లో థాంప్సన్‌తో పాటు ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 1988 నవంబర్ 2న ఇంటర్నెట్‌లోకి ఒక వార్మ్ వదిలారు, వేల కంప్యూటర్లు మూలపడ్డాయి. అది వాడిన దారుల్లో ఒకటి సి లైబ్రరీలోని గెట్స్ ఫంక్షన్. ఎంత ఇన్‌పుట్ వస్తుందో చూడకుండా బఫర్‌లోకి పోసేస్తుంది. ఆ వార్మ్ రాసిన కుర్రాడు బెల్ ల్యాబ్స్‌లో రిచీతో కలిసి పనిచేసిన రాబర్ట్ మోరిస్ కొడుకే.

రిచీ 2007లో రిటైరయ్యారు. 2011 అక్టోబర్ 12న న్యూజెర్సీలోని ఇంట్లో ఆయన చనిపోయి కనిపించారు. ఒంటరిగా ఉండేవారు. అంతకు వారం ముందే స్టీవ్ జాబ్స్ పోయారు, లోకమంతా ఆ దుఃఖంలో ఉంది. ఐఫోన్ లోపల ఉన్నదీ యూనిక్స్ వంశమే, కానీ రిచీ పేరు ఎక్కువమందికి వినపడలేదు. ఆ డిసెంబర్‌లో వచ్చిన సి కొత్త స్టాండర్డ్‌లోంచి గెట్స్‌ని పూర్తిగా తీసేశారు. అది చూడ్డానికి ఆయన లేరు.

గండ్లు మాత్రం ఆగలేదు. ఆండ్రాయిడ్ అడుగున ఉండే లినక్స్ కెర్నల్ కూడా సి లోనే రాసింది. 2022లో అందులో డర్టీ పైప్ అనే లోపం బయటపడింది. ఒక స్ట్రక్చర్‌లో ఫ్లాగ్స్ అనే చోట సున్నా పెట్టడం మర్చిపోయారు. సి దానంతట అది సున్నా పెట్టదు కదా, పాత విలువ అక్కడే ఉండిపోయింది. దాంతో చదవడానికి మాత్రమే ఉన్న ఫైళ్లలో కూడా మామూలు యూజర్ రాసెయ్యొచ్చు. పాస్‌వర్డ్ ఫైలు మార్చినా, సెట్‌యూఐడీ ప్రోగ్రాంని మార్చినా రూట్ దొరికినట్టే. రిచీ చేసిన రెండు పనులూ ఒకే గండి దగ్గర కలిశాయన్నమాట. ప్యాచ్ ఎంతో తెలుసా? రెండు ఫంక్షన్లలో చెరో లైను, ఫ్లాగ్స్‌కి సున్నా. కానీ ఆ రెండు లైన్లు మన ఫోన్‌దాకా వచ్చి, మనం అప్‌డేట్ నొక్కితేనే గండి పూడినట్టు.

2022 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 6.1లో మెమరీ తప్పుల్ని ముందే పట్టుకునే రస్ట్ భాషకి మొదటిసారి చోటిచ్చారు. అయినా కెర్నల్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ సి కోడే. దాన్ని చదివి, లోపం పట్టి, బాగుచేసే మనుషులు ఇంకా చాలా ఏళ్లు కావాలి. కోడ్ అందరికీ తెరిచే ఉంది, కాబట్టి ఆ పని శ్రీకాకుళంలో కూర్చునైనా, విజయనగరంలో కూర్చునైనా చెయ్యొచ్చు. ఈసారి ల్యాబ్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తే విసుక్కుని వదిలేయకండి, ఏ లైను దగ్గర వచ్చిందో చూడండి. కెర్నల్‌ని బాగుచేసేవాళ్లు కూడా అక్కడి నుంచే మొదలుపెడతారు.