కీర్తిశేషులు డాక్టరు మర్రి చెన్నారెడ్డిగారు – బీదల గృహనిర్మాణము

గృహము లేనివానికి గృహస్థాశ్రమము లేదు. తలపై కప్పు నిలువని సంసారమున విద్య నిలువదు, ఆరోగ్యము నిలువదు, మర్యాదయు నిలువదు. సముద్రతీరవాసులమైన మనకు ఈ సత్యమును గ్రంథములు బోధింప నక్కఱలేదు, తుపానులే బోధించినవి. కావున ఈ మహాసభా సంచికయందు, మన కులమున జన్మించి రెండు పర్యాయములు ముఖ్యమంత్రి పదవి నలంకరించిన డాక్టరు మర్రి చెన్నారెడ్డిగారి చరిత్రమును, వారి కాలమున వెలసిన గృహనిర్మాణ సంస్థ వృత్తాంతముతో గూర్చి విన్నవించుచున్నాము.

వీరు 1919వ సంవత్సరము జనవరి 13వ తేదీన వికారాబాదు ప్రాంతమున జన్మించిరి. హైదరాబాదులో వైద్యవిద్య నభ్యసించి 1941లో పట్టము నొందిరి. పిమ్మట రాజకీయములలో ప్రవేశించి, 1952లో బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గమున చిన్న వయస్సుననే స్థానము సంపాదించిరి. 1967లో కేంద్రమంత్రులైరి, కాని ఆ యేటి శాసనసభ యెన్నిక చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పుటచే 1968లో ఆ పదవి విడువవలసి వచ్చెను. స్తుతిపాఠము చరిత్రము కాదు గనుక దీనిని దాచము. 1969లో తెలంగాణోద్యమమునకు నాయకులైరి. వారి ప్రజాసమితి 1971 లోకసభ యెన్నికలలో తెలంగాణమునందలి 14 స్థానములలో 10 గెలిచెను. అనంతరము ఉత్తరప్రదేశమునకు గవర్నరుగా నుండి, 1978 మార్చిలో ముఖ్యమంత్రులైరి.

అంతకు కొలది మాసములకు ముందు, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమను ఉప్పెన ముంచెను. వేలకొలది ప్రాణములు పోయినవి. 1979 మే మాసమున మఱియొక తుపాను మన నెల్లూరు, ఒంగోలు తీరములను దెబ్బ తీసెను. మట్టిగోడ, తాటాకు కప్పు గల గుడిసెలు గాలికి నిలువవని మఱల రుజువయ్యెను. ఆ 1979 జూలైలోనే, చెన్నారెడ్డిగారి ప్రభుత్వకాలమున, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ కంపెనీల చట్టము ననుసరించి స్థాపితమయ్యెను.

పేరునకు కంపెనీయే గాని లాభము దీని లక్ష్యము కాదు. ప్రభుత్వపు సహాయధనమును, హడ్కో మొదలగు సంస్థలనుండి తెచ్చిన ఋణమును కలిపి బలహీనవర్గములవారికి పక్కా ఇండ్లు సమకూర్చుటయే దీని పని. పునాది, గోడలు, కప్పు అను దశలు పూర్తియైన కొలది సొమ్ము చెల్లింతురు. ఇంజనీరు తనిఖీ చేయును. ఇంటివాడు తన రెక్కల కష్టమును చేర్చును. ఇట్లు అప్పు పుట్టనివానికి అప్పును, పూచీ లేనివానికి పూచీయు దొరకెను.

1984 నవంబరులో తుపాను శ్రీహరికోట వద్ద తీరము దాటినప్పుడు మేము క్రొత్తగా ఉపాధ్యాయవృత్తిలో చేరియుంటిమి. బడి తెఱచిన దినమున పుస్తకము లేవని పిల్లలను నిలదీసితిమి. ఒక కుఱ్ఱవాడు, కప్పు ఎగిరిపోయినదనియు, పుస్తకములు వానలో నానిపోయినవనియు తలవంచుకొని చెప్పెను. అనవసరముగా గద్దించితిమని నేటికిని సిగ్గుపడుచున్నాము. మఱి కొన్ని యేండ్లకు ఆ కుటుంబమునకు పక్కా యిల్లు వచ్చెను. ఆ యింటి గోడకు చెక్క బిగించి పుస్తకములు పెట్టుకొన్నారు. ఆ చెక్కను చూచినప్పుడు మాకు కలిగిన సంతోషము ఏ సన్మానసభయందును కలుగలేదు.

మనలో మనము చెప్పుకొనవలసిన మాట యొకటి గలదు. పూర్వము పాలేరు గుడిసె మన పొలము గట్టునో, మన దొడ్డి చివరనో ఉండెడిది. మనకు కోపము వచ్చిన వాడు గుడిసె పీకికొనవలసినదే. స్థలమునకు పట్టా, దానిపై ఇల్లు వచ్చిన పిమ్మట వాడు కూలి అడుగునప్పుడు తలయెత్తి అడుగగలిగెను. ఇది మనలో కొందఱికి రుచింపలేదు. చెన్నారెడ్డిగారు మనవారని గర్వించువారము, వారి కాలపు ఈ సంస్థ వలన కలిగిన మార్పును కూడ మనదిగా నంగీకరింపవలదా?

ఈ కీర్తి ఒక్కరిది కాదు. 1983 తరువాత నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము పక్కా ఇండ్ల పనిని విస్తరించెను. 2006లో ఇందిరమ్మ పథకము వచ్చెను. 2014లో రాష్ట్రముతోపాటు సంస్థయు విభక్తమయ్యెను. లోపములును గలవు. పునాదులతో నిలిచిపోయిన ఇండ్లు, త్రోవ లేని కాలనీలు, అర్హుని విడిచి అనర్హునకు చేరిన మంజూరులు మనమెఱుగనివి కావు.

చెన్నారెడ్డిగారు 1989లో మరల ముఖ్యమంత్రులైరి. 1990 డిసెంబరులో వారు పదవి విడువగా, ఆ పీఠము నధిష్ఠించినవారు మన వాకాడు బిడ్డలగు నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు. చెన్నారెడ్డిగారు తమిళనాడు గవర్నరుగా నుండగనే 1996 డిసెంబరు 2వ తేదీన పరమపదించిరి. హైదరాబాదు ఇందిరా పార్కునందు వారి సమాధి గలదు.

పటమునకు పూలమాల వేయుట సులభము. స్వర్ణముఖి యొడ్డున మన పొలముల ప్రక్కనున్న కాలనీలకు త్రోవకును, మురుగుకాలువకును మూరెడు నేల విడుచుట కష్టము. ఆ కష్టమైన పనియే వారికి తగిన స్మారకమని సంఘసభ్యులకును, పోషకమహాశయులకును సవినయముగా మనవి చేయుచున్నాము.