కరీంనగర్ నుంచి బొంబాయి వెండితెర దాకా: పైడి జైరాజ్

హిందీ చలనచిత్ర రంగంలో వెలిగిన తెలుగువారు ఎవరని అడిగితే మనలో చాలామంది ముందుగా చెప్పే పేరు ఎల్.వి. ప్రసాద్ గారిది. ఆ తర్వాత జయప్రద గారు గుర్తుకొస్తారు. ఈ ఇద్దరికన్నా ముందే, సినిమాకింకా మాటలు రాని రోజుల్లోనే బొంబాయి వెళ్ళి కథానాయకుడై, అరవై ఏళ్ళకు పైగా ఆ రంగాన్ని విడవకుండా బతికిన మనవాడొకరున్నారు. ఆయనే పైడి జైరాజ్ గారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నది ఆయనే. తెలుగువారిలో బి.ఎన్. రెడ్డి గారి తర్వాత ఆ గౌరవం దక్కిన రెండో వ్యక్తి. అయినా మన సభల్లో, మన సావనీర్లలో ఆయన పేరు వినబడేది తక్కువే.

తెలంగాణ పల్లెల్లో వలస గురించి చెప్పేటప్పుడు బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు మాటలు కలిపి అంటారు. ఊళ్ళో బతుకు లేనివాడికి ఉన్న దారులు ఆ మూడేనని అర్థం. మేముండే జెబెల్ అలీ ఆ మూడో దారికి చివర ఉంది. 1979లో రేవు, 1985లో ఫ్రీ జోన్ వచ్చాక కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి ఎందరో ఇక్కడి క్యాంపులకు చేరారు. జైరాజ్ గారిది అదే కరీంనగర్. ఆయన పట్టింది రెండో దారి, బొంబాయి దారి. ఆకలితో వెళ్ళినవారు కాదు, చదువుకున్న ఇంటి పిల్లవాడు. ఆ తేడా ఒప్పుకుంటూనే ఆయన్ని మా క్యాంపుల వాళ్ళకు చుట్టంగా లెక్కవేయాలని నాకనిపిస్తుంది. ఎందుకో ఆయన జీవితమే చెబుతుంది.

1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివారు. అవి నిజాం పాలన రోజులు. సర్కారు భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు, ఇలా మూడు భాషల మధ్య పెరిగారు. ఇరవై ఏళ్ళ వయసులో, 1929లో, ఇంటివారి మీద అలిగి బొంబాయి రైలెక్కారని అంటారు. సముద్రమంటే ఆయనకు చెప్పలేని మోజట. తొలి రోజుల్లో ఓడల రేవులో పని చేశారనీ, తర్వాత సినిమా కంపెనీలో పోస్టర్లకు రంగులు వేశారనీ, మంచి దేహదారుఢ్యం చూసి వేరే నటుడికి డూపుగా పెట్టుకున్నారనీ చెబుతారు. కొత్త ఊరు, రేవులో పని, ఎవరో ఒకరి సాయంతో మరో పని, అందులోంచి ఇంకో పని. గల్ఫ్‌లో అడుగుపెట్టిన వాళ్ళలో సగం మంది కథ ఇలాగే నడుస్తుంది.

ఆ ఏడాదే 'జగ్‌మగాతీ జవానీ' అనే మూకీ చిత్రంలో తెర మీదికి వచ్చారు. మూకీల్లో భాషతో పని లేదు. ఒడ్డూ పొడుగూ ఉండి, గుర్రమెక్కడం, కత్తి తిప్పడం వస్తే చాలు. జైరాజ్‌కు ఇవన్నీ ఉన్నాయి. కానీ రెండేళ్ళు తిరగకుండానే పెద్ద కుదుపు వచ్చింది. 1931 మార్చి 14న బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదలైంది. తెర మాట్లాడటం మొదలుపెట్టింది. అంతవరకు తారలుగా వెలిగిన ఎందరికో నోరు పెగలలేదు. మూకీల మహారాణి సులోచన అంతటి తార కూడా హిందుస్తానీ నేర్చుకోవడానికి కొంతకాలం తెరకు దూరంగా ఉండవలసి వచ్చింది. మన కరీంనగర్ యువకుడికి మాత్రం ఆ కుదుపే నిచ్చెన అయింది. హైదరాబాదు గల్లీల్లో ఏ లాభమూ ఆశించకుండా నేర్చుకున్న ఉర్దూ ఆయన చేతికి అందివచ్చిన ఆస్తి. 1932లో 'శికారీ'తో టాకీల్లోకి నడిచారు, నిలబడ్డారు.

జెబెల్ అలీలో కూడా ఇది రోజూ చూసేదే. ఒకే గదిలో తెలుగువాడు, బీహారీ, పెషావర్ పఠాన్, బంగ్లాదేశీ ఉంటారు. వాళ్ళందరినీ కలిపేది హిందీ. అది బడిలో నేర్చిన హిందీ కాదు, సినిమాల్లో విన్న హిందీ. ఊళ్ళో వీడియో పార్లర్లలో చూసిన అమితాబ్ సినిమాలే కొందరికి ఇక్కడ ఫోర్‌మన్‌తో మాట్లాడే ధైర్యాన్నిచ్చాయి.

జైరాజ్ గారి జీవితంలో నేను ఎక్కువసేపు ఆగాలనుకునేది 1934 దగ్గర. ఆ ఏడు మున్షీ ప్రేమ్‌చంద్ బొంబాయి వచ్చారు. హిందీ, ఉర్దూ సాహిత్యంలో అంత పెద్ద కథకుడు అప్పుల బాధతో అజంతా సినీటోన్ కంపెనీలో చేరి, మోహన్ భవనానీ దర్శకత్వంలో తీయబోయే సినిమాకు కథ రాశారు. పేరు 'మజ్దూర్'. 'మిల్' అని కూడా పిలిచేవారు. మంచివాడైన మిల్లు యజమాని చనిపోతాడు. కొడుకు వ్యసనపరుడు, కార్మికుల్ని పీడిస్తాడు. కూతురు పద్మది తండ్రి గుణం, ఆమె కార్మికుల పక్షం. సమ్మె జరుగుతుంది. ఆ సమ్మెలో ముందుండే యువకుడు కైలాస్ పాత్ర జైరాజ్‌ది, పద్మగా బిబ్బో. ప్రేమ్‌చంద్ స్వయంగా ఒక చిన్న పాత్రలో కనిపించారు.

సినిమా పూర్తయింది గాని బొంబాయి సెన్సారు వారు ససేమిరా అన్నారు. ఆ బోర్డు సభ్యుల్లో మిల్లు యజమానుల సంఘం అధ్యక్షుడు కూడా ఉండటం ఇక్కడి విశేషం. కార్మికులు రెచ్చిపోతారన్నది అభ్యంతరం. లాహోర్, ఢిల్లీ లాంటి చోట్ల ఆడినా అక్కడా ఎక్కువ రోజులు ఆడనివ్వలేదు. ఇందులో ఒక చేదు తమాషా ఉంది. బెనారస్‌లో ప్రేమ్‌చంద్ సొంత ప్రెస్సులోనే పనివారు జీతాల కోసం సమ్మె చేశారు. కథ రాసినాయనకే కథ ఎదురొచ్చింది. విసిగిన ప్రేమ్‌చంద్ 1935లో బొంబాయి వదిలి వెళ్ళిపోయారు, మరుసటి ఏడు కన్నుమూశారు. ఆ సినిమా ప్రతి ఈనాడు ఎక్కడా దొరకదు.

ఆ రోజుల్లో బొంబాయి మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడ్డవారిలో తెలంగాణ పద్మశాలీలు చాలామంది ఉన్నారు. వాళ్ళ పక్షాన తెర మీద నిలబడి మాట్లాడినవాడు ఒక కరీంనగర్ మనిషే కావడం, ఆ సినిమాను వాళ్ళున్న ఊళ్ళోనే వాళ్ళకు చూపించకపోవడం తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆయన చేసిన రాజుల వేషాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క పాత్ర ఒక ఎత్తు అని నా అభిప్రాయం.

తర్వాతి దశాబ్దం బొంబాయి టాకీస్‌ది. 1938లో ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకత్వంలో 'భాభీ', 1943లో 'హమారీ బాత్'. దేవికారాణి నటించిన చివరి చిత్రం ఇదే, కథానాయకుడు మన జైరాజ్. 1945లో అదే సంస్థకు 'ప్రతిమ' చిత్రాన్ని ఆయనే దర్శకత్వం చేశారు. అప్పటికి ఒకే ఒక్క సినిమా చేసిన యువకుడిని అందులో హీరోగా పెట్టుకున్నారు. ఆ యువకుడే దిలీప్ కుమార్.

నటుడిగా బాగా సంపాదిస్తున్నవాడు సొంత సినిమా జోలికి పోకుండా ఉంటే బాగుండేదేమో. కానీ కథల పిచ్చి ఊరుకోనివ్వదు కదా! 1951లో నర్గీస్, భరత్ భూషణ్‌లతో 'సాగర్' నిర్మించి, దర్శకత్వం కూడా వహించారు. ఆంగ్ల కవి టెన్నిసన్ రాసిన 'ఈనాక్ ఆర్డెన్' కావ్యం దానికి ఆధారం. భార్యాబిడ్డల్ని పోషించడానికి ఒక నావికుడు సముద్రం మీద దూరదేశం బయలుదేరతాడు. ఓడ పగిలి, మనుషులు లేని దీవిలో ఏళ్ళ తరబడి చిక్కుకుంటాడు. ఎదురుచూసి చూసి, అతను లేడనే నమ్మి, భార్య చిన్ననాటి స్నేహితుడిని పెళ్ళాడుతుంది. చివరికి ఇల్లు చేరినవాడు కిటికీలోంచి ఆ కొత్త సంసారాన్ని చూసి, తాను వచ్చినట్టు చెప్పకుండా వెనుదిరుగుతాడు. టెన్నిసన్ కథ ఇది. సెలవు దొరకక, కంపెనీ మూతపడి, పాస్‌పోర్టు చేతిలో లేక ఏళ్ళకేళ్ళు ఇక్కడే ఉండిపోయినవారికి ఈ భయాన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. కొడుకు తండ్రిని గుర్తుపట్టక తల్లి కొంగు చాటున దాక్కునే ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని లేవు! బొంబాయి ప్రేక్షకులు మాత్రం 'సాగర్'ను ఆదరించలేదు. సముద్రం మీద మోజుతో తీసిన సినిమా ఆయన సొమ్మును ముంచింది.

ఆయన అక్కడితో కుంగిపోలేదు. యాభైల్లో, అరవైల తొలినాళ్ళలో చారిత్రక, జానపద చిత్రాలకు జైరాజ్ పెట్టింది పేరయ్యారు. అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్, వీర దుర్గాదాస్, చంద్రశేఖర్ ఆజాద్ ఇలా వరసగా ఎందరో వీరులు ఆయన రూపంలో తెర మీదికి వచ్చారు. రాజపుత్రుల మీసం తెలుగు ముఖానికి అంత చక్కగా అతికిందంటే ఆశ్చర్యమే. గల్ఫ్‌లో ఉన్నందుకేమో, నాకు 1956 నాటి హోమీ వాడియా రంగుల చిత్రం 'హాతిమ్ తాయ్' మీద మమకారం ఎక్కువ. హాతిమ్ ఈ అరబ్బు నేల మనిషే. దానగుణానికి పేరుపడిన తాయ్ తెగ నాయకుడు. నేటి సౌదీ అరేబియా ఉత్తర భాగాన హాయిల్ ప్రాంతం వాళ్ళది. ఏడు ప్రశ్నలకు జవాబులు వెతుకుతూ ఊరూరా తిరిగే అరబ్బు వీరుడిని మనకు చూపించినవాడు కరీంనగర్ వాసి, పక్కన కథానాయిక షకీలా.

వయసు మళ్ళాక చిన్న వేషాలకు దిగారు, చిన్నతనంగా అనుకోలేదు. 1963 నాటి ఆంగ్ల చిత్రం 'నైన్ అవర్స్ టు రామా'లో ఘనశ్యామ్ దాస్ బిర్లాగా కనిపించారు. 1975లో 'షోలే'లో పోలీసు కమిషనర్, 1978లో అమితాబ్ 'డాన్'లో మరో పాత్ర. తొంభైల మధ్య దాకా ఎక్కడో ఒక సన్నివేశంలో కనబడుతూనే వచ్చారు. తెలుగు చిత్రసీమలో మాత్రం ఆయనకు చోటు దొరకలేదు. ఆయన వదిలివచ్చారో, మనం పిలవలేదో, రెండూ నిజమేనేమో! 2000 ఆగస్టు 11న, తొంభై ఏళ్ళు నిండి తొంభై ఒకటో ఏట నడుస్తుండగా, ముంబైలోనే కన్నుమూశారు.

జెబెల్ అలీలో 2016 నవంబరులో బాలీవుడ్ పార్క్స్ పేరుతో పెద్ద వినోద కేంద్రం తెరిచారు. అందులో 'షోలే' పేరు మీద ఒక రైడు ఉండేది. తుపాకీ పట్టుకుని గబ్బర్ సింగ్‌ను వెతకడమే ఆ ఆట. పిల్లలు ఎగబడేవారు. ఆ సినిమాలోని పోలీసు కమిషనర్ తమ తాతల ఊరివాడని ఆ వరసలో నిలబడ్డ తెలంగాణ పిల్లల్లో ఎందరికి తెలుసో! 2023 ఏప్రిల్‌లో ఆ పార్కు మూతపడింది. హైదరాబాదు రవీంద్రభారతి ప్రాంగణంలో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ వారు ఏర్పాటు చేసిన చిన్న ప్రివ్యూ థియేటర్‌కు మాత్రం పైడి జైరాజ్ గారి పేరే పెట్టారు. కొత్త కుర్రాళ్ళు తీసిన లఘుచిత్రాలు అక్కడ వేస్తుంటారు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు, వీలైతే పిల్లల్ని వెంటబెట్టుకుని, ఒక సాయంత్రం అక్కడికి వెళ్ళి రండి.