గ్లోవర్: గని చేజారినా జపాన్‌ను వీడని వర్తకుడు

పాశ్చాత్య దేశాలతో 1858లో కుదిరిన ఒప్పందాల మేరకు జపాన్ మరుసటి ఏడాది తన రేవులు కొన్నింటిని విదేశీ వర్తకానికి తెరిచింది. ఆ ఏడాదే నాగసాకిలో దిగిన 21 ఏళ్ల స్కాట్లాండ్ యువకుడు థామస్ బ్లేక్ గ్లోవర్. 1838లో ఫ్రేజర్‌బర్గ్‌లో జన్మించిన ఆయన, జార్డైన్ మాథెసన్ సంస్థ ప్రతినిధి వద్ద పనిచేసి, 1861లో సొంత కంపెనీ స్థాపించారు. తేయాకు ఎగుమతితో పాటు ఓడలు, ఆయుధాల దిగుమతి చేపట్టారు.

రేవులు తెరుచుకున్నా దేశం పూర్తిగా తెరుచుకోలేదు. విదేశీయులు నిర్దేశిత ప్రాంతాల్లోనే నివసించాలి. దేశం లోపలికి స్వేచ్ఛగా వెళ్లే వీలు లేదు. కొనుగోలుదారులేమో సత్సుమా వంటి సంస్థానాలు. వాటికి అరువు ఇవ్వనిదే వ్యాపారం సాగదు. ఇచ్చిన అరువు వసూలుకు భరోసా లేదు. విదేశీయానంపై నిషేధం ఉన్నా, 1865లో సత్సుమా రహస్యంగా బ్రిటన్‌కు పంపిన విద్యార్థుల ప్రయాణానికి గ్లోవర్ సాయపడ్డారు.

1868లో షోగున్ పాలన అంతమైంది. గ్లోవర్ అండగా నిలిచిన పక్షమే గెలిచింది. అయితే అంతర్యుద్ధం ముగియడంతో ఆయుధాలకు గిరాకీ తగ్గింది; సంస్థానాల బాకీలు పేరుకుపోయాయి. అప్పటికే ఆయన సాగా సంస్థానంతో కలిసి తకాషిమా బొగ్గు గనిలో భారీగా పెట్టుబడి పెట్టారు. పాశ్చాత్య పద్ధతిలో తవ్విన గనిలో బొగ్గు దొరికినా, ఆ రాబడి అప్పులను తీర్చలేకపోయింది. 1870లో కంపెనీ దివాలా తీసింది. కొత్త ప్రభుత్వం తెచ్చిన గనుల చట్టం విదేశీ యాజమాన్యాన్ని నిషేధించింది. తకాషిమా తొలుత ప్రభుత్వానికి, చివరకు 1881లో మిత్సుబిషికి దక్కింది.

గ్లోవర్ మాత్రం స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. యాజమాన్యం పోయినా గని నిర్వహణలో కొనసాగి, అనంతరం మిత్సుబిషికి సలహాదారు అయ్యారు. 1885లో యొకొహామాలో బీరు కంపెనీ స్థాపనకు తోడ్పడినప్పుడు ఈ అనుభవమే అక్కరకు వచ్చింది. విదేశీ పెట్టుబడిదారుల ఆ కంపెనీ హాంకాంగ్‌లో నమోదైనా, మిత్సుబిషి కుటుంబీకులకూ అందులో వాటా ఉంది. అమ్మకాల బాధ్యత స్థానిక సంస్థకు దక్కింది. కిరిన్ పేరుతో ప్రసిద్ధి పొందిన ఆ వ్యాపారం 1907లో పూర్తిగా జపాన్ వారి పరమైంది.

1908లో జపాన్ ప్రభుత్వం ఆయనను ఉన్నత పురస్కారంతో గౌరవించింది. 1911లో టోక్యోలో కన్నుమూసిన గ్లోవర్‌ను నాగసాకిలో ఖననం చేశారు. ఆయన నివాసం, చేజారిన ఆ తకాషిమా గని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కలిసే చోటు చేసుకున్నాయి.