కల్నల్ కాలిన్ మెకంజీ

ఒక ఊరు ఎక్కడ ఉన్నదో పటం తెలుపుతుంది. అది ఎలా ఏర్పడినదో చరిత్ర తెలుపుతుంది. ఈ రెండింటినీ ఒకే కార్యంగా భావించి జీవితాన్ని ధారపోసిన వాడు కల్నల్ కాలిన్ మెకంజీ.

మెకంజీ 1754లో స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో జన్మించాడు. గణితశాస్త్రంపై మక్కువ గల ఆయన 1783లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరాడు. తొలి సంవత్సరాలలో నెల్లూరు, గుంటూరు సీమలలో ఇంజనీరుగా పనిచేశాడు. తూర్పున సముద్రం, పడమట వెలికొండలు గల ఆ ప్రాంతం ఆయన ఎరిగిన తొలి తెలుగు నేలలలో ఒకటి.

1799లో టిప్పు సుల్తాన్ మరణించిన పిమ్మట మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే బాధ్యత మెకంజీపై పడింది. సమతల ప్రదేశంలో ఒక రేఖను జాగ్రత్తగా కొలిచేవారు. కొండ శిఖరాల నుండి కోణాలు గుర్తించి, నేలనంతటినీ త్రిభుజాలుగా విభజించేవారు. వాటి నడుమ ఊళ్ళను, చెరువులను, బాటలను, వాగులను పటంలో చేర్చేవారు. మన్యపు జ్వరాలు సిబ్బందిని పీడించాయి. కంపెనీ ఖర్చులు తగ్గించింది. అయినను ఆయన వెనుదీయలేదు. సుమారు 40,000 చదరపు మైళ్ళ మెట్ట పీఠభూమి పటాలకెక్కింది. తరువాత ఆయన పర్యవేక్షణలో దత్తమండలాల సర్వే కూడ జరిగింది.

కొలతలతోనే మెకంజీ తృప్తి చెందలేదు. గ్రామాల పూర్వ వృత్తాంతాలను, శాసనాలను, తాళపత్ర గ్రంథాలను సేకరింపజేశాడు. అయితే ఆయనకు దేశభాషలు రావు. ఆ లోటు తీర్చిన వాడు ఏలూరు వాస్తవ్యుడైన కావలి వెంకట బొర్రయ్య. పండితులను కూడగట్టి, ప్రాచీన శాసనాలను పరిశోధించిన ఆ ప్రతిభాశాలి 1803లో పిన్న వయస్సులోనే కన్నుమూశాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారాన్ని స్వీకరించాడు. ఊరూరా తిరిగిన సహాయకులు కరణాల నుండి సేకరించిన వృత్తాంతాలే కైఫీయతులు.

1815లో మెకంజీ భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. 1821 మే 8న, తాను కూర్చిన సామగ్రిని క్రమపరచి ప్రకటించకుండానే, కలకత్తా సమీపంలో మరణించాడు. 8,000కు పైగా శాసన ప్రతులు, 1,500కు పైగా వ్రాతప్రతులు మిగిలాయి. ఆ పనిని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చినా, కలకత్తాలోని విద్వత్సంఘం ఆయనను అర్హునిగా అంగీకరించలేదు. కొంతకాలానికి సి.పి. బ్రౌన్ శిథిలమవుతున్న కైఫీయతులకు నకళ్ళు వ్రాయించి కాపాడాడు.

కంపెనీ పాలనకై గీసిన పటాలు కాలక్రమాన పాతబడ్డాయి. వాటితోపాటు సమకూరిన గ్రామ చరిత్రలు మాత్రం నేటికీ పరిశోధకులకు ఆధారాలు. ఆ కీర్తిలో మెకంజీతోపాటు కావలి సోదరులకు, పేరు తెలియని కరణాలకు కూడ సమాన భాగమున్నది.